కుక్కకు ఫిట్స్ వస్తే రక్తపరీక్ష ఎందుకు? ధర్మసాగర్ వాసులు ఏం చేయాలి?

నిన్నటిదాకా గంతులేసిన కుక్క ఇవాళ తల ఒకవైపు వాల్చి గుండ్రంగా తిరుగుతోంది. లేదా ఫిట్స్‌తో పడిపోయింది. దెబ్బేమీ తగల్లేదు. అయితే లోపం మెదడులోనే కాదు, రక్తంలోనూ ఉండొచ్చు.

రక్తానికి, మెదడుకు సంబంధం ఏమిటి?

రక్తం సరిగా గడ్డకట్టకపోతే మెదడులో, వెన్నుపాము చుట్టూ రక్తస్రావం కావచ్చు. పుర్రె లోపల ఖాళీ ఉండదు కాబట్టి కొద్దిపాటి రక్తం చేరినా మెదడు నలుగుతుంది. ఫిట్స్, కాళ్లు పడిపోవడం, స్పృహ తప్పడం అందుకే. వడదెబ్బ, తీవ్ర ఇన్‌ఫెక్షన్లలో మరో చిక్కు: సన్నని రక్తనాళాల్లో గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి, ఆ తర్వాత రక్తం ఆగదు.

కారణాలేమిటి?

గోమార్లు కుట్టడం వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దీనికి డాక్సీసైక్లిన్ వాడతారు. పొలాల్లో, ఇళ్లలో పెట్టే బ్రోమాడియోలోన్ ఎలుకల మందు తింటే లక్షణాలు వెంటనే కాదు, సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులకు కనిపిస్తాయి. విరుగుడు విటమిన్ కె1. అదీ పనిచేయడానికి గంటలు పడుతుంది. రక్తస్రావం మొదలైతే ప్లాస్మా లేదా రక్తం ఎక్కించాలి. రక్తపింజరి కాటు కూడా రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు. సంచార పశువైద్య సేవల టోల్‌ఫ్రీ నంబర్ 1962. ఈ వాహనాలు ప్రధానంగా పాడి పశువులు, జీవాల కోసం. కాబట్టి కుక్కకు సాయం అందుతుందా అని ఫోన్‌లోనే అడగండి. వరంగల్ పక్కన మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడికైనా, హనుమకొండలోని క్లినిక్‌కైనా బయలుదేరే ముందే రెండు ప్రశ్నలు వేయండి: ప్లేట్‌లెట్ల పరీక్ష ఇప్పుడే చేస్తారా? రక్తం ఎక్కించే ఏర్పాటు ఉందా? లేదంటే దారిలోనే సమయం పోతుంది.

ఏం చేయకూడదు?

మనుషుల నొప్పి మాత్రలు వేయకండి. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. ఫిట్స్‌లో ఉన్నప్పుడు నోట్లో చేయి, నీళ్లు పెట్టకండి. ఎలుకల మందు ప్యాకెట్ దొరికితే వెంట తీసుకెళ్లండి.

ఒక్క హెచ్చరిక: రేబిస్‌లోనూ ఇలాంటి లక్షణాలే ఉండొచ్చు. టీకా వేయించని కుక్కయితే చిగుళ్లు తెరిచి చూడకండి, ఆ పని డాక్టర్‌కు వదిలేయండి. కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో టీకా వేయించుకోండి. టీకా వేయించిన, నెమ్మదిగా ఉన్న కుక్కయితే చిగుళ్లపై, పొట్టపై ఎర్రని చుక్కలు, ముక్కు నుంచి రక్తం, నల్లటి మలం ఉన్నాయేమో గమనించండి. అవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.