చినిగిన క్యాలెండర్, అమావాస్య మంగళవారం



జనవరిలో మన సంఘంలోని ఒక ఇంట్లో చిన్న గొడవ జరిగింది. పేర్లు అవసరం లేదు. ఆ ఇంటివారిని అడిగే రాస్తున్నాము. ఆ ఇంటి కొడుకు ఎక్కడో ఒక కూటానికి వెళ్ళి వచ్చి, ఎరువుల దుకాణంవాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండర్‌ను గోడ మీదినుండి లాగి చింపేశాడు. అందులో రాహుకాలం, వర్జ్యం ఉన్నాయి గనుక విశ్వాసి ఇంట్లో అది ఉండరాదని అతని పట్టుదల. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక అతని తల్లి మా దగ్గరికి వచ్చింది.

“అయ్యగారూ, నాకు సదువు రాదు. నల్ల సున్న అమాస, తెల్ల సున్న పున్నం, గంతే ఎరుక. మిరుగు ఎన్నడొస్తదో కోడలు సదివి చెప్తది. గది సూసుడు పాపమా?”

ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేదు. “ప్రార్థన చేద్దాం అమ్మా” అని పంపేశాము. ఆ జవాబు మాకు బాకీగా మిగిలిపోయింది. ఈ రోజు అది తీర్చాలనుకుంటున్నాము.

ముందు ఆ కాగితంలో ఏముందో చూద్దాము. ఒక్క గడిలో మూడు లెక్కలు ఉంటాయి. పెద్ద అంకె సూర్యుని లెక్క. ఏడాదికి 365 రోజులు, నాలుగేళ్ళకొకసారి ఫిబ్రవరికి ఒక రోజు ఎక్కువ. దాని కింద ఉండే తిథి చంద్రుని లెక్క. అమావాస్య నుండి అమావాస్యకు సుమారు 29.5 రోజులు. పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే అవుతాయి, సూర్యుని ఏడాదికి 11 రోజులు తక్కువ. అందుకే ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, ఈ ఏడాది మార్చి 19న వచ్చింది. ఇట్లాగే జరుగుతూ పోతే కొన్నేళ్ళకు అది చలికాలంలో పడుతుంది. అట్లా కాకుండా సుమారు 32, 33 నెలలకొకసారి ఒక అధిక మాసం చేరుస్తారు. ఈసారి మే 17 నుండి జూన్ 15 వరకు వచ్చే అధిక జ్యేష్ఠం అదే. అందువల్ల వచ్చే ఏడు ఉగాది మళ్ళీ ఏప్రిల్ 7కు వెళ్తుంది. మన ముస్లిం పొరుగువారి హిజ్రీ లెక్కలో ఈ చేర్పు లేదు. కాబట్టి రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు వస్తూ, 33 ఏళ్ళలో ఎండ, వాన, చలి అన్నిటినీ చుట్టి వస్తుంది.

మూడోది ఆ తల్లి అడిగిన మిరుగు, అంటే మృగశిర కార్తె. దీన్ని చంద్రుడు నిర్ణయించడు. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలను దాటే దారిని బట్టి కార్తెలు లెక్కిస్తారు, ఒక్కొక్కటి 13, 14 రోజులు. అందుకే పండుగలు ఎంత జరిగినా మిరుగు మాత్రం జూన్ 7, 8 తేదీలను విడవదు. ముప్కాల్ చుట్టుపక్కల పసుపు పెట్టేవాళ్ళు అదను చూసుకునేది దాన్ని బట్టే. ఆ తల్లి చూసింది జాతకం కాదు, అదను. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు ఆకాశంలో జ్యోతులను పెట్టిన కారణాల్లో దినాలను, సంవత్సరాలను గుర్తుపట్టడం కూడా ఒకటి. ఆయన పెట్టిన గడియారాన్ని చూడడం పాపమెట్లా అవుతుంది?

“ఆ పేర్లన్నీ అన్యదేవతలవి కదా అయ్యగారూ” అని మన యవ్వనస్థులు అడుగుతారు. నిజమే. అయితే జనవరి ఎవరి పేరు? రోమావారి జానస్ దేవత పేరు. మార్చి వారి యుద్ధదేవత మార్స్ పేరు. ఆదివారం అంటే సూర్యుని వారం. ప్రభువు తిరిగి లేచిన దినాన్ని చెప్పడానికి మన తెలుగు బైబిలులో వాడిన మాట కూడా అదే. ఇశ్రాయేలీయులు తమ మొదటి నెలను మొదట ఆబీబు అన్నారు. యవల పచ్చి వెన్నుల నెల అని దాని అర్థం, రైతులు పెట్టుకున్నట్టే ఉంటుంది. బబులోను చెరకు వెళ్ళాక అక్కడి నెలల పేర్లు వాళ్ళకు అలవాటైనాయి. ఆబీబు కాస్తా నీసాను అయింది. నాలుగో నెల పేరు తమ్మూజు. యెహెజ్కేలు 8వ అధ్యాయంలో ఏ దేవత కోసం స్త్రీలు ఏడుస్తుంటే దేవుడు దాన్ని హేయమని ప్రవక్తకు చూపించాడో, ఆ పేరే ఇది. యూదులు నేటికీ ఆ నెలను తమ్మూజు అనే పిలుస్తారు. పేరు ఉంచుకున్నారు, పూజ విడిచిపెట్టారు.

వారి లెక్క కూడా మన పంచాంగం లెక్క వంటిదే. 19 ఏళ్ళలో 7 సార్లు ఒక నెల ఎక్కువ కలుపుతారు. పస్కా నీసాను నెల నడుమ, నిండు వెన్నెల రోజుల్లో వస్తుంది. మనం ఈస్టర్‌ను ఈ ఏడాది ఏప్రిల్ 5న ఎందుకు ఆచరించాము? మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే మొదటి పున్నమిని లెక్కించి, దాని తరువాతి ఆదివారం పెట్టుకుంటాము. తెలుగు క్యాలెండర్ చింపినవాడు కూడా ఈస్టర్‌కు పున్నమినే నమ్ముకోవాలి.

లెక్క సరైనదే అయినా అది వచ్చిన చేతిని చూసి తోసేయడం మన ప్రొటెస్టెంటు పితరులు కూడా చేశారు. పాత రోమా క్యాలెండర్‌లో ఏడాది నిజమైన దానికంటే 11 నిమిషాలు పొడవు. 128 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. దాన్ని సరిచేయడానికి 1582లో పోపు పదమూడవ గ్రెగొరీ అక్టోబర్ 4 మరునాటిని అక్టోబర్ 15గా ప్రకటించాడు. జర్మనీలోని ప్రొటెస్టెంటు రాజ్యాలు 1700 వరకు, ఇంగ్లాండు 1752 వరకు దాన్ని ఒప్పుకోలేదు. లెక్కలో తప్పు ఉందని కాదు, పోపు చేతినుండి వచ్చిందని. ఆ కోపంతో వందేళ్ళకు పైగా సూర్యునితో పొసగని తేదీలలో బతికారు. ఈ రోజు మన సంఘంలో డిసెంబర్ 25ను లెక్కించేది ఆ పోపు క్యాలెండర్ ప్రకారమే.

మీ ఇంట్లో తాతల నాటి భూమి కాగితాలుంటే తీసి చూడండి. వాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1358 అంటే 1948-49. ఫసల్ అంటే పంట. హిజ్రీ లెక్కలో శిస్తు గడువు ఏటా ముందుకు జరిగి, పంట ఇంటికి రాకముందే మీద పడేది. అందుకని అక్బరు కాలంలో పంటను బట్టి నడిచే ఈ లెక్క పెట్టారు. నిజాం రాజ్యంలోనూ అదే నడిచింది. రైతు కడుపు కోసం రాజు క్యాలెండర్‌నే మార్చాడు. విశ్రాంతి దినము మనుష్యుల మేలు కోసమే అని మన ప్రభువు పరిసయ్యులకు నేర్పింది తలచుకున్నప్పుడు మాకు ఈ ఫసలీ గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు ఆ ఇంటి కథలో రెండో భాగం. ఫిబ్రవరి వచ్చింది, పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు. కోడలు నిండు గర్భిణి. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఉమ్మనీరు తగ్గింది, 17వ తేదీ పొద్దున్నే ఆపరేషన్ చేయాలన్నది. 17 మంగళవారం, అమావాస్య కూడా. మన దేశంలో కనిపించని సూర్యగ్రహణం ఆ రోజే ఉందని ఫోన్లలో తిరుగుతున్నది. ముందురోజు రాత్రి ఆ కొడుకే మాకు ఫోన్ చేశాడు. “అయ్యగారూ, నాకైతే పట్టింపు లేదు గని, అత్తగారోళ్ళు ఒప్పుకుంటలేరు. రెండు దినాలాగి గురువారం పెట్టుకుంటే ఏమన్నయితదా?”

గోడ మీదిది చింపాడు, గుండెలోది ఇంకా వేలాడుతూనే ఉంది. మమ్మును కూడా దాచుకోము. “ప్రార్థన చేద్దాం” అనే మాట మళ్ళీ మా నాలుక చివరికి వచ్చింది. ఇంతలో అవతల తల్లి గొంతు వినబడింది. “డాక్టరమ్మ రమ్మన్న దినమే మంచి దినం బిడ్డా. అదను దాటినంక విత్తనం వెడితే ఏమొస్తది?” అప్పుడు గాని మాకు నోరు రాలేదు. “పొద్దున్నే తీసుకుపో నాయనా” అన్నాము. మంగళవారం ఉదయం ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మనం భయపడిన ఆ రోజే చైనావారికి కొత్త సంవత్సరం. మరునాడు బుధవారం మన శ్రమదినాలు మొదలైనాయి. ఆ వారంలోనే రంజాన్ ఉపవాసాలూ మొదలైనాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. వాటన్నిటికీ ముహూర్తం కారణం కాదు. అయినా నెలలు నిండకముందే మంచి గడియ కోసం ఆపరేషన్ చేయించుకోవడం, డాక్టరు వెంటనే రమ్మన్నా గడియ కోసం ఆగడం, రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. రాహుకాలమంటే పగటిని ఎనిమిది భాగాలు చేసి వారానికొక భాగం కేటాయించడమే. ఆ గంటన్నరలో మన బిడ్డలకు కీడు రాసిపెట్టి లేదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. దినాలను లెక్కించడం జ్ఞానం, దినాలకు భయపడడం దాస్యం. గలతీ సంఘాన్ని పౌలు గద్దించింది ఆ దాస్యం గురించే. రోమా సంఘానికి రాసినప్పుడు, ఒక దినాన్ని ఎక్కువగా ఎంచేవాణ్ణీ, అన్నీ సమానమనేవాణ్ణీ ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దన్నాడు. గల్ఫ్‌లో మన సహోదరులు సెలవును బట్టి శుక్రవారం ఆరాధనకు కూడుకుంటారు. ఆ ఆరాధనను దేవుడు అంగీకరించడా?

అధిక మాసంలో పెళ్ళి పెట్టుకోవచ్చా అని అడిగినవారికి కూడా ఇదే జవాబు. చుట్టాలు రాలేరని తేదీ మార్చుకుంటే అది మర్యాద, సంతోషంగా మార్చుకోండి. కీడు జరుగుతుందని మార్చుకుంటే మాత్రం మా దగ్గర కూర్చుని మాట్లాడండి. పొరుగువారి పంచాంగాన్ని వెక్కిరించకండి. మన ఇంట్లోనూ అదే భయం వేరే పేరుతో ఉంది. డిసెంబర్ 31 రాత్రి పళ్ళెంలోనుండి వాగ్దాన కార్డు తీసి, గద్దింపు వచనం వస్తే ముఖం మాడ్చుకుని ఇంకొకటి తీసుకునేవారు మనలో లేరా? పంచాంగ శ్రవణానికీ దానికీ తేడా ఏమిటి? ఆ కార్డులు పంచింది మేమే గనుక ఈ మాట ముందు మాకే తగులుతుంది.

పోయిన వారం ఆ ఇంటికి కొత్త క్యాలెండర్ తీసుకుని వెళ్ళాము. కొడుకే మేకు కొట్టి తగిలించాడు. బిడ్డకు వేయించాల్సిన టీకాల తేదీలకు పెన్నుతో సున్నాలు చుట్టాడు. తల్లి దగ్గరికొచ్చి చూసి, “జూన్ల మిరుగుకు సుత ఒక సున్న సుట్టురా” అన్నది. చుట్టాడు.

మన దినాలన్నీ తన చేతిలో ఉంచుకున్న ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.