కాపీ చేస్తే తప్పేంటట?

బొమ్మలు నేర్చుకుంటున్నానంటే అందరూ మెచ్చుకుంటారు. కాపీ చేసి నేర్చుకుంటున్నానంటే మాత్రం మొహాలు మాడిపోతాయి. "ఛ, సొంతంగా వెయ్యొచ్చుగా" అని ఓ ఉచిత సలహా. ఇచ్చేవాళ్ళలో సగం మంది ఇంజినీరింగులో రికార్డులన్నీ పక్కవాడివి చూసి దింపినవాళ్ళే, అది వేరే సంగతి!

అసలు విషయానికొస్తాను. నాచారంలో మా అద్దెింటి బాల్కనీలో కూర్చుని నేను ఆయిల్ రంగుల్లో దింపుతున్నది జర్మనీలోని వీస్ చర్చి లోపలి భాగం, ఫొటో చూసి. 1745లో మొదలుపెట్టి 1754కి పూర్తి చేశారు. కట్టినవాడు డొమినికుస్ జిమ్మర్‌మన్, పైకప్పు మీద బొమ్మలేసినవాడు వాళ్ళన్నయ్య యోహాన్ బాప్టిస్ట్. రొకోకో అంటే ఖాళీ గోడ కనిపిస్తే పాపం అన్నట్టుంటుంది. నగిషీలు, బంగారు తీగలు, మేఘాలు, దేవదూతలు... "మొదట్లోనే ఇంత కిక్కిరిసిన బొమ్మెందుకు, ఆపిల్ పండు వేసుకో" అన్నారు.

ఆపిల్ ఎలా వేసినా ఆపిలనే గుర్తుపడతారు, మనం అక్కడితో తృప్తి పడిపోతాం. ఇక్కడ ఆ వీల్లేదు. ఫొటోలో గోడలన్నీ తెలుపే. ట్యూబులోంచి తెలుపు తీసి పూస్తే సున్నం కొట్టిన గోడ వస్తుంది గానీ వెలుగు రాదు. కిటికీ పక్కన పసుపు కలిసిన తెలుపు, స్తంభం చాటున నీలం కలిసిన బూడిదరంగు. అచ్చమైన తెలుపు పట్టే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా 16x20 అంగుళాల కాన్వాసులో ప్రతి దేవదూత రెక్కా వెయ్యడం అయ్యే పని కాదు. ఏది ఉంచాలి, దేన్ని ఒక్క కుంచె దెబ్బతో సరిపెట్టాలి అని అడుగడుగునా తేల్చుకోవాలి. జిరాక్స్ మిషను ఈ పని చెయ్యదు కదా! కింది పూతల్లో టర్పెంటైను, పైకి పోయేకొద్దీ అవిసె నూనె ఎక్కువుండాలి, లేకపోతే పగుళ్ళొస్తాయి. ఇదంతా చదివితే తెలుస్తుంది, చేస్తేనే చేతికొస్తుంది.

కాపీ చేతకానివాళ్ళ పని అంటారా? రూబెన్స్ 1628-29లో మాడ్రిడ్‌లో టిషియన్ వేసిన ఆదాము అవ్వల బొమ్మని కాపీ చేశాడు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి, యూరప్ అంతా పేరుంది. అంత దూరం ఎందుకు, మన ఊరి సంగతే చూడండి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ ఆ గోడలకి కాపీలు తీయిస్తే, హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ వెళ్ళి పనిచేశారు. వాళ్ళతోపాటు కలకత్తా నుంచి వచ్చిన కుర్రాడు నందలాల్ బోస్. మన రాజ్యాంగం మూలప్రతికి శిష్యులతో కలిసి బొమ్మలు సమకూర్చింది ఆయనే. అజంతా కాపీ చేసినందుకు ఆయన సొంత గీత ఎక్కడికీ పోలేదు.

"ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు ఏఐ యాభై చర్చిలు గీసిస్తుంది" అంటాడు మా కొలీగ్. ఇస్తుంది, కాదన్నదెవరు? మరి నా కన్నేం నేర్చుకున్నట్టు? వేరేవాళ్ళ కోడు చదివి, తిరగరాసి పని నేర్చుకున్న మనకి ఈ మాట ఇంకొకరు చెప్పాలా?

చెయ్యకూడనిది ఒకటే. మూలం పేరు దాచి కింద మన సంతకం గీకడం. దాన్ని దొంగతనమనండి, నేనూ గొంతు కలుపుతా. నేర్చుకోవడాన్ని మాత్రం ఆ గాటన కట్టకండి. సొంతంగా వెయ్యమనే మహానుభావులు ముందు ఏదైనా ఒక మంచి బొమ్మ ముందు నెల రోజులు కూర్చుని, నిజాయితీగా దింపి చూడండి. సృజన గురించి ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.