రాని జపానోడి మీద ఇన్ని నవ్వులా?

ఈమధ్య గోదావరిఖనిలో ఒక సభ జరిగింది. మైకు దొరికిన ఒక పెద్దమనిషి 1942 ముచ్చట ఎత్తుకున్నారు. విశాఖలో జపానోడు నాలుగు బాంబులేస్తే మద్రాసులోని తెల్లదొరలు టోపీలు కూడా సర్దుకోకుండా కొండలెక్కారట. అసలు జపాన్‌కు ఇటు వచ్చే ఆలోచనే లేదట. రాని దండయాత్రకు ప్లాన్లు గీసి కాగితాలు ఖరాబు చేశారట. సభంతా నవ్వింది. అంతటితో ఆగినా బాగుండేది. "మన బొగ్గు బాయిల్లోనూ అంతే, రాని ప్రమాదానికి మాక్ డ్రిల్ అని షిఫ్ట్ పాడు చేస్తరు" అన్నారు. దానికి చప్పట్లు! బాయి దిగే జనమున్న ఊళ్లో ఆ చప్పట్లేమిటి?

జరగలేదు కాబట్టి జరిగేది కాదనే ఈ తెలివి ఇప్పుడు ఫ్యాషనైంది. ఎనభై ఏళ్ల తర్వాత కుర్చీలో కూర్చుని ఎవరైనా ధైర్యవంతుడే. ఆ ఏటి క్యాలెండర్ ఒక్కసారి చూడండి. ఫిబ్రవరి 15న సింగపూర్ పడింది. మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న అండమాన్‌లో జపాన్ దిగింది. ఏప్రిల్ 5న కొలంబో మీద విమానాలు విరుచుకుపడ్డాయి. మర్నాడు ర్యూజో అనే ఓడ మీంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. ఇంత జరిగాక తీరంలో ఉన్నవాడు భయపడకపోతే వాడికి పిచ్చి అనాలి.

జపాన్‌కు ఆలోచనే లేదన్న మాట కూడా ఉత్తదే. సింహళం మీద దిగుదామని వాళ్ల నౌకాదళం ఆ ఏడు మొదట్లోనే లెక్కలేసింది. అంత సైన్యం మేమివ్వమని భూసేన అడ్డం తిరిగింది. తర్వాత వాళ్ల చూపు మిడ్‌వే మీదికి మళ్లింది. టోక్యోలో ఇద్దరు పాలోళ్లు కొట్లాడుకోవడం వల్ల తప్పిన ఆపద అది. ఆ కొట్లాట సంగతి మద్రాసులో కూర్చున్నవాడికి కలొస్తుందా?

అయితే దొరలను వెనకేసుకొస్తున్నానని ఎవరూ సంబరపడొద్దు. వాళ్ల మీద నాకున్న కోపం వేరు. జపాన్ ఓడలొస్తున్నాయన్న కబురుకు మద్రాసులో ఏం చేశారు? హైకోర్టును కోయంబత్తూరు పంపారు. ఆఫీసులను లోపలి ఊళ్లకు తరలించారు. బోనులు పగిలి బయటికొస్తాయేమోనని జూలో క్రూరమృగాలను పోలీసుల చేత కాల్పించారు. సింహాలకు కూడా ఒక ఉత్తర్వు ఉందన్నమాట! మూటాముల్లె నెత్తినెట్టుకుని స్టేషన్ల మీద పడ్డ లక్షల జనానికి మాత్రం పొమ్మన్న మాట తప్ప, ఎక్కడికి పోవాలి, ఏం తినాలి అన్నది ఎవరూ చెప్పలేదు. ఫైలుకు దారి చూపారు, మనిషికి చూపలేదు.

బెంగాల్లో చేసింది ఇంకా ఘోరం. శత్రువు దిగితే వాడికేమీ చిక్కకూడదని తీర జిల్లాల్లో పదిమందికి మించి పట్టే పడవలను లాక్కున్నారు, విరగ్గొట్టారు, కాల్చేశారు. మిడ్నపూర్, బాకర్‌గంజ్, ఖుల్నా జిల్లాల నుంచి మిగులు బియ్యం ఎత్తుకుపోయారు. అక్కడ పడవ లేనిదే పొలానికి పోలేరు, చేప పట్టలేరు, కుమ్మరికి మన్ను రాదు. గాంధీ హరిజన్ పత్రికలో మొత్తుకున్నా విన్నదెవరు? మరుసటి ఏడే కరువు. దానికి ఇంకా ఎన్నో కారణాలున్నాయి, కాదనను. కానీ ఆ మంటకు ఈ ప్లానూ ఒక పుల్ల వేసింది. సర్కారు వేసిన విచారణ సంఘమే చచ్చినవాళ్లు 15 లక్షలంది. 30 లక్షల దాకా లెక్క చెప్పినవాళ్లున్నారు. రాని జపాన్ పేరుతో వచ్చిన చావులివి. సభలో నవ్వించిన పెద్దమనిషికి ఈ సంగతి గుర్తుకు రాలేదు. వస్తే నవ్వు పండదు కదా!

ఇక "సముద్రం ఎక్కడ, సింగరేణి బొగ్గు గనులెక్కడ" అనేవాళ్లకు ఒక్క ముక్క. బంగాళాఖాతంలో ఓడలు ఆగితే కలకత్తా నుంచి మద్రాసుకు రావలసిన బొగ్గు రైలెక్కాలి. వ్యాగన్లా చాలవు. అప్పుడు దక్షిణాది రైళ్లకు దగ్గరి దిక్కు కొత్తగూడెం, బెల్లంపల్లి బాయిలే. ఖనిలో అప్పటికి బాయే లేదు గానీ, ఆ యుద్ధం మసి మన కంపెనీకీ అంటింది.

ఇప్పుడు మాక్ డ్రిల్ సంగతికొస్తా. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. అంతకు ముందురోజు ఎవరైనా నీళ్లొస్తాయంటే ఈ పెద్దమనుషులే నవ్వేవాళ్లు. ముందే జాగ్రత్తపడి ఆపిన ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. దండలు, ఫొటోలు, ఎక్స్‌గ్రేషియాలు అన్నీ జరిగిన ప్రమాదాలకే.

మరి ఏం చేయాలంటారా? నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. ప్రతి బాయి దగ్గర, ప్రతి ఓపెన్‌కాస్ట్ గనిలో ఆపద ప్రణాళిక ఉంటుంది. అది జీఎం ఆఫీసు బీరువాలో ఇంగ్లీషులో మూలగకుండా తెలుగులో గోడకెక్కాలి. పర్మనెంట్ కార్మికుడితో పాటు కాంట్రాక్టు డ్రైవరు, ఓబీ మట్టి పని చేసే కుర్రాడు, పక్క బస్తీలో ముసలమ్మ అందులో ఉండాలి. మిగతాది సాంకేతికం తెలిసినవాళ్లు చూసుకుంటారు. ఇక పైన ఎవరైనా ప్లాన్ చూపిస్తే నవ్వకండి, చప్పట్లూ కొట్టకండి. ఇందులో మా పేర్లు ఎక్కడున్నాయో చూపమనండి. చూపలేకపోతే అప్పుడు గొడవ పెట్టుకోండి, నేనూ వస్తా.