వాన వస్తే బొమ్మ పోతోందా?

ప్రగతి నగర్‌లో వానాకాలం సాయంత్రాలు ఎలా ఉంటాయో అక్కడివారికి వేరే చెప్పక్కర్లేదు. మీవారు హైటెక్ సిటీలో ఆఫీసు వదిలి ఏ జె.ఎన్.టి.యు. దగ్గరో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు. పిల్లలు ట్యూషన్ నుంచి తడుస్తూ వస్తారు. అత్తగారు సీరియల్ కోసం కుర్చీ లాక్కుని కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, మాట తెగితెగి వచ్చి, చివరికి తెర మీద సిగ్నల్ లేదన్న ముక్క ఒక్కటే మిగులుతుంది. “ఒరేయ్, మేడ మీదికెళ్లి ఆ డిష్ కాస్త కదిపి రారా” అని పెద్దావిడ అనడం, పెద్దాడు చెప్పులు వేసుకోవడం కూడా అయిపోతాయి. ఈ వారం నేను రాస్తున్నదంతా ఆ కుర్రాణ్ణి మెట్ల దగ్గరే ఆపడానికి.

ముందు అసలు సంగతి తెలుసుకుందాం. జోరువానలో బొమ్మ పోయిందంటే చాలాసార్లు అది డిష్ తప్పూ కాదు, కనెక్షన్ ఇచ్చినవాళ్ల తప్పూ కాదు. మన డిష్ చూసే ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత దూరమూ నిక్షేపంగా వచ్చిన తరంగాలకి గండమంతా చిట్టచివర, వాన కురిసే నాలుగైదు కిలోమీటర్లలోనే. మైక్రోవేవ్ ఓవెన్ ఉన్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అందులో పెట్టిన పదార్థంలోని నీరే కదా ఆ తరంగాల్ని పీల్చుకుని వేడెక్కేది! డి.టి.హెచ్. తరంగాలూ ఆ జాతివే, కాకపోతే ఇంకా పొట్టివి. ఒక్కోటి సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. వాన చినుకులు వాటిని కొంత మింగేస్తాయి, కొంత పక్కలకి చెదరగొడతాయి.

అన్నట్టు, పెద్ద చినుకు బొమ్మల్లో వేసినట్టు కన్నీటిబొట్టు ఆకారంలో ఉండదు సుమా! గాలిని తోసుకుంటూ కిందికి పడేటప్పుడు అడుగు చదునై ఇడ్లీలా తయారవుతుంది. అడ్డంగా వెడల్పు కాబట్టి, అడ్డంగా ఊగుతూ వచ్చే తరంగాల్ని నిలువుగా ఊగేవాటికంటే ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఛానెళ్లు కొన్ని అడ్డం తరంగాల మీద, కొన్ని నిలువు తరంగాల మీద వస్తాయి. ఒకే వానలో ఒక ఛానెల్ పోయి ఇంకొకటి నిలబడటానికి ఇదొక కారణం. కాబట్టి ఒకటి పోగానే రిమోట్ విసిరెయ్యకుండా నాలుగైదు ఛానెళ్లు తిప్పి చూడండి. మీ సీరియల్ హెచ్.డి.లోనూ మామూలుగానూ వస్తుంటే మామూలుదానికి మారండి. చాలా కనెక్షన్లలో ముందు పోయేది హెచ్.డి.యే.

“ఇదివరకు ఇలా ఉండేది కాదే!” అని పెద్దవాళ్లు అంటే కొట్టిపారెయ్యకండి. వాళ్లన్నది నిజం. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చినప్పుడు మనం వాటిని కేబుల్ మీదే చూశాం. కేబులతని మేడ మీద మనిషి ఎత్తుకు మించిన డిష్‌లుండేవి. వాటికి వచ్చే తరంగాలు ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవువి, వానని పెద్దగా లెక్కచెయ్యవు. ఇంకా వెనక్కి పోతే, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూపించారు. ఆ డిష్‌లు కోళ్లగూటికి వేసే తీగవలతో చేసినవి, పదడుగుల వెడల్పువి. ఆ తరంగాల పొడవు అడుగు పైమాటే, వాటికి వానంటే భయమే లేదు. పైగా పాతకాలపు బొమ్మ పాడైతే చుక్కలుచుక్కలుగా వచ్చేది, కళ్లు చికిలించి చూసేవాళ్లం. ఇప్పటి డిజిటల్ బొమ్మకి ఆ మొహమాటం లేదు. ఉంటే అద్దంలా ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

ప్రగతి నగర్ అపార్టుమెంట్ల మీద డిష్‌లన్నీ ఏ దిక్కు చూస్తున్నాయో గమనించారా? దక్షిణానికీ తూర్పుకీ మధ్య. దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మనకది ఆగ్నేయం. టాటా ప్లే వాళ్ల ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గర, ఇంచుమించు దక్షిణాన, మరికాస్త నెత్తిమీదికి ఉంటాయి. అంటే మన డిష్‌ల చూపు కూకట్‌పల్లి వైపు ఆకాశంలోంచి పోతుందన్నమాట. అటు కుండపోత పడుతుంటే మన వాకిట్లో చినుకు లేకపోయినా బొమ్మ పోవచ్చు. మబ్బు వెనకాల బాచుపల్లి మీద ఉంటే ఉరుములు వినబడుతున్నా సీరియల్ నిక్షేపంగా నడుస్తుంది. అంత జోరు మబ్బు చాలాసార్లు పది పదిహేను నిమిషాల్లో దాటిపోతుంది. వానలో పోయి కదిపిన డిష్ మాత్రం మెకానిక్ వస్తే గాని దారికి రాదు.

మరి లోపం ఆకాశానిదా, మన డిష్‌దా? ఇది తెలుసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. తుంపరకే బొమ్మ పోతుంటే లోపం మనదే, సన్నచినుకులకి ఆ శక్తి లేదు. వాన లేకుండా ఒట్టి గాలికే పోతుంటే బోల్టులు వదులయ్యాయి. అంబీర్ చెరువుకి ఎదురుగా ఉన్న ఇళ్లలో అడ్డం లేక గాలి తిన్నగా కొడుతుంది కాబట్టి వాళ్లు ఇది ముందు చూసుకోవాలి. వాన వెలిసి గంట దాటినా రాకుండా మర్నాడు ఎండెక్కాక దానంతటదే వచ్చిందంటే కేబుల్ కొసల్లో నీళ్లు చేరినట్టే. ఇక వానా గాలీ ఏమీ లేకుండా మార్చి రెండో వారం ప్రాంతంలోనో, సెప్టెంబరు చివరా అక్టోబరు మొదట్లోనో పట్టపగలు కొన్ని నిమిషాలు పోయి, మర్నాడూ అదే వేళకి పోతే కంగారు పడకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చాడంతే. కొద్ది రోజుల్లో అదే సర్దుకుంటుంది.

ఇప్పుడు నేను చెప్పబోయే పనికి పైసా ఖర్చు లేదు. ఆకాశం తేటగా ఉన్న రోజు రిమోట్‌లో మెనూ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. సిగ్నల్ అన్నచోట స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు, చాలా పెట్టెల్లో పక్కనే అంకెలూ కనిపిస్తాయి. మనకి ముఖ్యమైంది క్వాలిటీ. ఆ అంకెని తారీఖు వేసి పాల లెక్క పుస్తకంలో రాసిపెట్టండి. రెండు నెలలకోసారి, గాలివాన వచ్చిన మర్నాడూ మళ్లీ చూడండి. ఎండలో బొమ్మ అద్దంలా ఉన్నా ఆ అంకె పదో పదిహేనో తగ్గిందంటే డిష్ పక్కకి జరిగింది. మామూలు రోజున అది తెలియదు. పోపులడబ్బాలో మనం దాచుకునే డబ్బు ఉంటుంది చూశారూ, అలాంటిదే ఈ మిగులు. వాన రోజున ఖర్చయ్యేది అదే. అది లేని ఇంట్లో ముందు బొమ్మ పోతుంది. పక్కింట్లో అదే కంపెనీ కనెక్షన్ మీద సీరియల్ వస్తూ మనింట్లోనే పోతోందంటే ఈ అంకెనే అనుమానించాలి.

ఆ మిగులు పెంచుకునే పనులన్నీ వేసవిలో, వడియాలు పెట్టడానికి మేడెక్కే రోజుల్లోనే అయిపోవాలి. మొట్టమొదట డిష్ కడ్డీకి కట్టిన బట్టల తాడు విప్పేయండి. ఏ మేడ మీద చూసినా ఇదే! తడి దుప్పటి బరువుకి కడ్డీ ఎంత వంగిందో కంటికి కనబడదు గాని, ఒక్క డిగ్రీ వంగినా మిగులులో పెద్ద ముక్క పోతుంది. తర్వాత డిష్ పక్కన నిలబడి అది చూసే దిక్కుకే మీరూ చూడండి. కిందటేడు లేని కొబ్బరిమట్ట అడ్డం వచ్చిందేమో గమనించండి. తడిసిన ఆకు ఎండుటాకు కంటే ఎక్కువ అడ్డు. డిష్ చూపు మనం అనుకునేదానికన్నా బాగా పైకి ఉంటుంది కాబట్టి దూరాన లేచే భవనాలతో భయం లేదు, దగ్గర చెట్టుతోనే పేచీ.

డిష్ ముందు చెయ్యి చాచినట్టుండే చిన్న డబ్బాని ఎల్.ఎన్.బి. అంటారు. పావురాలకి అదొక ఊయల. రెట్టలు తడిగుడ్డతో మెల్లిగా తుడవండి, నొక్కకండి. దాని మూతికున్న ప్లాస్టిక్ మూత ఎండకి పగిలి ఉంటే ఆ డబ్బానే మార్పించడం మేలు. కేబుల్‌ని ఎల్.ఎన్.బి.కి బిగించే మర దగ్గర మామూలు నల్లటేపు చుట్టి వెళ్లిపోతుంటారు. ఒక వేసవి దాటేసరికి జిగురు కరిగి అది ఊడుతుంది. సాగదీసి చుడితే తనకి తానే అతుక్కుపోయే రబ్బరు టేపు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని కింది నుంచి పైకి, పెంకు మీద పెంకు పరిచినట్టు చుట్టించండి. కేబుల్ కిటికీలోంచి లోపలికి వచ్చేముందు బయట జానెడు కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి. నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ వంపు లేకపోతే తీగ పట్టుకుని తిన్నగా సెట్ టాప్ బాక్స్ దాకా వచ్చేస్తుంది.

బోల్టులు బిగించడం, దిశ సరిచెయ్యడం మెకానిక్ పని. మే నెలలో పిలిస్తే తీరిగ్గా వస్తాడు. మొదటి వాన పడ్డాక అందరూ పిలిచేది అతన్నే. అతనొచ్చినప్పుడు మీ పుస్తకం చూపించి, “ఈ అంకె పెంచి వెళ్లు బాబూ” అనండి. “బొమ్మ వచ్చింది కదమ్మా” అంటే ఊరుకోకండి. అన్నీ చేసినా ఏటా ఇదే గొడవైతే 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90 సెంటీమీటర్లది దొరుకుతుందేమో అడగండి. తరంగాల్ని పట్టే వైశాల్యం రెండింతలకి పైగా పెరుగుతుంది. గాలి కూడా అంతే పడుతుంది కాబట్టి పిట్టగోడ గట్టిగా ఉన్నచోటే బిగించాలి. కొబ్బరినూనె రాస్తే నీళ్లు జారిపోతాయని కొందరు చెబుతుంటారు. నాకు నమ్మకం లేదు, దుమ్ము మాత్రం బాగా అంటుకుంటుంది. ఎల్.ఎన్.బి.కి పాలిథిన్ కవరు తొడగడమూ అంతే. ముడతల్లో నిలిచిన నీరే కొత్త అడ్డమవుతుంది.

ఇక పిడుగు సంగతి. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలుకాకముందే టీవీ, సెట్ టాప్ బాక్స్ ప్లగ్గులు తీసేయండి, వెనక కేబుల్ కూడా విప్పి పక్కన పెట్టండి. స్విచ్ కట్టేస్తే చాలదు. మేడ మీద ఇనుప కడ్డీ నుంచి మీ హాలు దాకా ఆ తీగ ఒక దారి వేసి ఉంచింది మరి. ఉరుములు దగ్గరయ్యాక మాత్రం ఆ తీగని ముట్టుకోకూడదు, పెట్టె పోతే పోనీ. మెరుపు మెరిసి ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా పెద్దాడు గాని వాచ్‌మన్ గాని మేడెక్కకూడదు. వాచ్‌మన్‌కి మీరు చెబితే కాదనలేడు, కాబట్టి మీరే చెప్పకండి. పిట్టగోడ దగ్గరగా కరెంటు తీగలు పోతుంటే అటువైపు డిష్ కడ్డీ అసలు వద్దు.

బొమ్మ పోయిన ఆ కాసేపట్లో రిమోట్‌తో ఆటో స్కాన్, ఫ్యాక్టరీ రీసెట్ లాంటివి నొక్కనివ్వకండి. సిగ్నల్ లేనప్పుడు వెతికిస్తే కొన్ని పెట్టెలు ఉన్న ఛానెళ్లని కూడా చెరిపేస్తాయి, వాన వెలిశాక కొత్త తంటా.

సీరియల్ పోతే పోయింది గాని, అలాంటి రాత్రి వార్తలు కావాలి. 2020 అక్టోబరు 13న నగరం నీట మునిగినప్పుడు ఏ దారి తెగిందో తెలియక ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో మీకు గుర్తుండే ఉంటుంది. 2024 మే 7 సాయంత్రం వానకి పక్కనే బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు గోడ కూలి ఏడుగురు చనిపోయారు. అందుకని మబ్బు పట్టినప్పుడే ఫోన్లు నిండా ఛార్జింగ్ పెట్టుకోండి. తెగిన కరెంటు తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి. సెల్స్‌తో నడిచే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంచుకుంటే టీవీ, నెట్టు రెండూ పోయిన రాత్రి ఆకాశవాణి వార్తలు అందుతాయి. సెల్స్ మాత్రం రేడియోలోనే వదిలెయ్యకండి, కారిపోయి తుప్పు పడుతుంది. తీసి, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు ఉండే సొరుగులోనే పెట్టుకోండి.