మెటాలికా మనకేమీ రాసివ్వలేదు

"మెటాలికా 1991లోనే చచ్చిపోయింది" అనేది మన మెటల్ అభిమానులకి ఉపదేశమంత్రం. కొత్తగా వినడం మొదలెట్టిన కుర్రాడు బ్లాక్ ఆల్బమ్ బాగుందన్నాడా, చుట్టూ ఉన్న సీనియర్లు జాలిగా చూస్తారు. మొదటి నాలుగు ఆల్బమ్‌లే సంగీతమట, మిగతాదంతా అమ్ముడుపోవడమట. 1996లో జుట్టు కత్తిరించుకుని లోడ్ తెచ్చినప్పుడే అభిమానులకి ద్రోహం చేశారట.

ఎవరికి జరిగిందండీ ఈ ద్రోహం? మాస్టర్ ఆఫ్ పపెట్స్ 1986లో వచ్చింది. ఇవాళ హైదరాబాదు, బెంగుళూరుల్లో కూర్చుని ఈ మాట అనేవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. ఎవరో అమెరికా కుర్రాడు ఎప్పుడో ఏడ్చిన ఏడుపుని మనం వారసత్వంగా తెచ్చుకున్నాం. పోనీ అది కూడా 1991లో మొదలైంది కాదు. 1984లో ఫేడ్ టు బ్లాక్ అనే నెమ్మది పాట చేస్తేనే అమ్ముడుపోయారన్నారు. ఆ పాట ఇప్పుడు పవిత్రమైన ఆ నాలుగింటిలోనే ఉంది!

మాది తుళ్లూరు. మోసం, ద్రోహం లాంటి మాటలు మా వైపు ఊరికే వాడరు. 2015లో రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌లో పొలాలిచ్చినవాళ్ల దగ్గర లెక్క ఉంది: మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ల కౌలు. 2019 డిసెంబరులో మూడు రాజధానులు అన్నప్పుడు వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారంటే చేతిలో కాగితం ఉంది కాబట్టి. జుట్టు కత్తిరించనని జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఏ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాడు?

2000లో నాప్‌స్టర్ మీద కేసు వేసినందుకు లార్స్ ఉల్రిక్‌ని డబ్బు మనిషన్నారు. మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో మెటాలికా మొత్తం హార్డ్ డిస్కు నుంచి హార్డ్ డిస్కుకి పైసా ఖర్చు లేకుండా పాకింది. (గుంటూరులో ఆ సీడీలు ఎక్కడ దొరికేవి అంటారా, అది వేరే కథ.) దాని తప్పొప్పులు పక్కన పెడదాం. రూపాయి పెట్టనివాడు షేర్‌హోల్డరులా లెక్కలు అడగడమే వింత.

ఈ జబ్బు మెటల్ ఒక్కదానిదే కాదు. మైదానం రాసినాయన 1950లో అరుణాచలం ఎలా వెళ్లిపోతాడని చలాన్ని ఇంకా నిలదీసేవాళ్లున్నారు. శ్రీశ్రీ సినిమా పాటలకి మూతి విరిచేవాళ్లూ ఉన్నారు. మనం ఇరవయ్యేళ్లప్పుడు చదివిన పేజీ దగ్గరే రచయిత కదలకుండా నిలబడాలి. మనం మాత్రం ఉద్యోగాలు మారొచ్చు, ఈఎమ్ఐలు కట్టుకోవచ్చు, పొట్టలు పెంచుకోవచ్చు.

నచ్చకపోతే నచ్చలేదనండి, ఎవరొద్దన్నారు? సెయింట్ ఆంగర్ నాకూ నచ్చదు. ఆ స్నేర్ డ్రమ్ము ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టుంటుంది, వెతికినా ఒక్క గిటార్ సోలో దొరకదు. అది చెవి చెప్పే మాట, దానితో వాదన పెట్టుకోవచ్చు. 'మమ్మల్ని మోసం చేశారు' అన్న తర్వాత పాట గురించి మాట్లాడటానికి ఇంకేం మిగలదు.

2011 అక్టోబరు 28న గుర్‌గావ్‌లో షో ఆగిపోతే జనం స్టేజీనే విరగ్గొట్టారు. అది కూడా ప్రేమేనట! రెండ్రోజుల తర్వాత బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అదే బ్యాండు వాయించింది. 'చచ్చిపోయిన' ఏడాది పాటలే, ఎంటర్ శాండ్‌మ్యాన్, నథింగ్ ఎల్స్ మాటర్స్ వచ్చాయి. నా చుట్టూ ఉన్న నాలుగు ఆల్బమ్‌ల పెద్దమనుషుల్లో నోరు మూసుకుని నిలబడ్డవాడు ఒక్కడూ కనపడలేదు.