చీకటి పడ్డాక తీసే ముక్క

మా టీములో ఒకమ్మాయి మొన్నామధ్య అమెరికా నుంచి వస్తూ ఒక పేక పెట్టె తెచ్చుకుంది. నల్లటి ముక్కలు, వాటి మీద వెండి రంగులో గుడ్లగూబ, చంద్రవంక, మూసిన తలుపు, ఇలాంటి బొమ్మలు. సూర్యుడు అస్తమించాకే తియ్యాలట, అదీ దీపం వెలుగులో. దీన్ని 'ఆరకిల్' పేక అంటారు. మనందరి అన్నం పెట్టే డేటాబేసు కాదు లెండి :) టారో అయితే 78 ముక్కలని లెక్క ఉంది. దీనికి లెక్కేమీ లేదు, తయారుచేసినవాడి ఇష్టం.

భోజనాల బల్ల దగ్గర రెండు పార్టీలయిపోయాయి. ఒకరు మూఢనమ్మకం అన్నారు, ఇంకొకరు సబ్‌కాన్షస్ అన్నారు. నేను నోరెత్తలేదు. ఎత్తితే నా సంగతి చెప్పాల్సి వస్తుంది.

కిందటేడు నాన్నకి గుండె ఆపరేషన్ అవసరమన్నారు. ఆయన విజయనగరంలో, నేను బెంగుళూరులో. వెంటనే చేయించాలా, కొన్నాళ్ళు మందులతో చూడాలా? రాత్రి ఒంటిగంటన్నరకి, రిపోర్టులు నాలుగుసార్లు చదివాక, ఫోన్లో ఒక కార్డుల యాప్ దించాను. అవును, నేనే. పన్నెండేళ్ళుగా కోడు రాస్తున్నవాణ్ణి, ఆ బొమ్మ వెనక ఉన్నది ఒక రాండమ్ నంబరు తప్ప మరేమీ కాదని తెలిసినవాణ్ణి. మొదటి ముక్క బాగాలేదు. కింద 'మళ్ళీ తియ్యండి' అని మీట ఉంది. నొక్కాను. మూడు ఉచితం, ఆ తర్వాత డబ్బులు. ఎన్నిసార్లు నొక్కానో మర్నాడు బ్యాంకు మెసేజీలు లెక్కపెడితే తెలిసింది. పదకొండు.

ఆ పదకొండో ముక్క దగ్గర నాకు మా మామ్మ గుర్తొచ్చింది.

నా పదోక్లాసు పరీక్షలప్పుడు మూడు లాంతర్ల దగ్గర చిలకజోస్యం చెప్పే ఆయన దగ్గరకి తీసుకెళ్ళింది. పట్టపగలు, రోడ్డు పక్కన గోనెపట్టా. పాతిక పైచిలుకు ముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో దేవుడి బొమ్మ. చిలక పంజరంలోంచి వచ్చి ఒకటి ముక్కుతో లాగి ఇచ్చి, గింజ తిని లోపలికి పోయింది. శని బొమ్మ వచ్చింది. మామ్మ మొహం మాడిపోయింది. "ఇంకోసారి తియ్యించు బాబూ, డబ్బులిస్తాను" అంది. ఆయన పంజరం తలుపు వేసేశాడు. "రెండోసారి అడిగితే చిలకమ్మ అబద్ధమాడేస్తాది తల్లీ" అన్నాడు. పక్కన పల్లీలమ్ముకునే ఆవిడ కల్పించుకుని "మా గుంటడికీ శనే వచ్చింది, పాసయిపోనాడు. ఊరుకో" అంది. మామ్మ నవ్వేసింది. నా భవిష్యత్తు రోడ్డు మీద నలుగురి మధ్య అలా సెటిలయిపోయింది.

ఆ చిలకలు ఇప్పుడు లేవంటే నాకేమీ బాధ లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన రామచిలకని పంజరంలో పెట్టడం నేరం, పెట్టకపోవడమే న్యాయం. నేననేది ఆ పంజరం తలుపు గురించి. అడగడానికి ఒక హద్దుండేది.

చీకటి పడ్డాక జోస్యం అన్నది మనకేమీ కొత్త కాదు. తెల్లారకముందే డమరుకం వాయించుకుంటూ వచ్చే బుడబుక్కలవాడు ఉండేవాడు. విజయనగరంలో పైడితల్లి సిరిమాను పండగకి ముందురోజు, సోమవారం రాత్రి, తొలేళ్ళు. ఏడాది ఎలా ఉంటుందో ఆ రాత్రి అమ్మవారి మాటగా పూజారి చెప్తాడు, రైతులు గింజలు పట్టుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. నమ్మినా నమ్మకపోయినా ఊరంతా కలిసి వింటుంది. ఏడాదికి ఒక్కసారి. నచ్చలేదని బుధవారం మళ్ళీ అడిగేవాడెవడూ లేడు.

అసలు పేక ముక్కకి జోస్యం తర్వాత అంటుకున్న పనే. టారో 15వ శతాబ్దం ఇటలీలో ఉత్త ఆట. దానితో జాతకాలు చెప్పే వ్యాపారం ఫ్రాన్సులో 18వ శతాబ్దంలో ఊపందుకుంది. ఇవాళ అందరూ కాపీ కొట్టే బొమ్మలు 1909లో లండన్లో పమేలా కోల్మన్ స్మిత్ గీసినవి. మన శ్రీకాకుళం సరిహద్దు దాటగానే ఉన్న పర్లాకిమిడిలో గంజపా ముక్కలు చేసేవారు. గుడ్డ మీద చింతగింజల జిగురు పట్టించి గీసిన గుండ్రటి ముక్కలు. దశావతారాల పేకలో అయితే 120. ఆ ఆటలో ఒక ముచ్చటైన రూలుంది: పగలు ఆడితే రాముడి ముక్క ఉన్నవాడు మొదలెట్టాలి, రాత్రయితే కృష్ణుడి ముక్క ఉన్నవాడు. చీకటి పడితే రూలు మారుతుంది, కానీ ఎదుట ఇంకో ముగ్గురు కూర్చునే ఉంటారు.

నా ఫోన్లో ఎవరూ లేరు. ఆ 'మళ్ళీ తియ్యండి' మీట ఎందుకుందో నాకు తెలుసు, అలాంటివి నేనూ కట్టాను. ఎన్ని గంటలకి ఎవడు ఎక్కువ నొక్కుతాడో చూసి మీట రంగు మార్చే మీటింగుల్లో కూర్చున్నాను. అప్పుడు నొక్కేవాడు నాకొక గీత, గ్రాఫులో.

ఆ రాత్రి రెండింటికి విజయనగరంలో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. "ఏటి బావా, ఇంత రాతిరప్పుడు?" అన్నాడు. చెప్పాను. ముక్కల సంగతి కాదు, భయం సంగతి. "నాకేటి తెల్సు బావా, నీ కంటె నాకెక్కువ తెల్సా? పొద్దున్న మావయ్యని కారులో విశాఖ ఎక్కించుకుపోయి ఇంకో డాక్టర్ని అడుగుదాం. నువ్వు తొంగో" అన్నాడు. తొంగున్నాను. ఎనిమిదో రోజున ఆపరేషన్ అయింది. నాన్న ఇప్పుడు రోజూ పెద్దచెరువు గట్టు దాకా నడుస్తున్నాడు.

మా టీము అమ్మాయికి నిన్న ఇదంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. తన పెట్టెలోంచి చిన్న పుస్తకం తీసి రెండో పేజీ చూపించింది. ఒకే ప్రశ్న ఒకే రాత్రి రెండోసారి అడగొద్దని రాసుంది. దాన్ని కోడు చెయ్యడానికి ఎన్ని లైన్లు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.