ఆ లెక్క ఎలా కట్టారో తెలియాలి కదా!

ఆమధ్య మా ఓపీకి అరవై ఏళ్ల పెద్దాయన రెండు రిపోర్టులు పట్టుకుని వచ్చారు. వారం తేడాతో రెండు ల్యాబుల్లో చేయించుకున్న రక్తపరీక్షలవి. రెండింట్లోనూ క్రియాటినిన్ 1.3. కానీ కిడ్నీల వడపోత ఎలా ఉందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ మాత్రం ఒకదాంట్లో 56, ఇంకోదాంట్లో 63. అరవైకి తగ్గితే అనుమానించాలని ఎవరో చెప్పారట. ‘‘డాక్టర్ గారూ, నాకు కిడ్నీ జబ్బు ఉన్నట్టా, లేనట్టా? వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు’’ అన్నారు.

ఆయన కిడ్నీలు మారలేదు. లెక్క మారింది. ఈ రిపోర్టుల్లోని ఈజీఎఫ్‌ఆర్ నేరుగా కొలిచింది కాదు. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్న వివరాలు తీసుకుని సాఫ్ట్‌వేర్ కట్టే అంచనా. ఒక ల్యాబు ఎండీఆర్‌డీ అనే పాత సూత్రం వాడింది. మరొకటి 2021లో వచ్చిన సీకేడీ-ఈపీఐ సూత్రం వాడింది. రెండు సూత్రాలూ అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి, ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తోనే ఆయన ముందు లెక్క కట్టి చూపించాను. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష రాసి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నాను. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ సూత్రం ఎవరి కంప్యూటర్‌లోనో దాగి ఉంటే నేనేం చెప్పేవాణ్ని?

ఇప్పుడు వైద్యంలో ఇలాంటి లెక్కలు చాలా ఉన్నాయి. పదేళ్లలో గుండెపోటు వచ్చే ముప్పు ఎంత, ఎముక విరిగే అవకాశం ఎంత, ఛాతీ ఎక్స్‌రేలో టీబీ నీడ ఉందా... ఇవన్నీ సాఫ్ట్‌వేర్ చెబుతోంది. వీటిలో చాలావాటికి పునాది పరిశోధకులు రాసుకున్న ప్రోగ్రాములే. పరిశోధన ఫలితం పత్రికలో అచ్చవుతుంది. ప్రోగ్రాము మాత్రం తరచూ రాసినవారి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. వాళ్లు ఉద్యోగం మారితే దానికీ దిక్కుండదు.

కొవిడ్ నేర్పిన పాఠం

2020 మార్చిలో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం ఒక నివేదిక ఇచ్చింది. ఏ చర్యా తీసుకోకపోతే బ్రిటన్‌లో సుమారు 5.1 లక్షల మంది చనిపోవచ్చని అందులో అంచనా వేసింది. అక్కడి లాక్‌డౌన్ నిర్ణయాల మీద దాని ప్రభావం పెద్దదే. తీరా ఆ లెక్క కట్టిన ప్రోగ్రాము ఫ్లూ కోసం పదమూడేళ్లకు ముందు రాసింది, సరైన వివరణలు లేనిది అని బృంద నాయకుడు నీల్ ఫెర్గూసనే ఒప్పుకున్నారు. దాన్ని శుభ్రం చేసి బయటపెట్టేసరికి ఏప్రిల్ నెలాఖరైంది. ఆపైన కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త స్టీఫెన్ ఎగ్లెన్ దాన్ని స్వయంగా నడిపి చూసి, నివేదికలోని ప్రధాన ఫలితాలు మళ్లీ వస్తున్నాయని జూన్‌లో ధ్రువీకరించారు. లెక్క నిలబడింది, మంచిదే. కానీ కోట్లమంది ఇళ్లలో కూర్చున్నాక కాదు, కూర్చోబెట్టక ముందే సరిచూసే వీలుండాలి.

2022లో పరిశోధన సాఫ్ట్‌వేర్‌కు ‘ఫెయిర్’ అనే నియమాలు వచ్చాయి. నాలుగు మాటల్లో చెప్పాలంటే: వెతికితే దొరకాలి. దొరికింది చేతికి అందాలి. వేరే సాఫ్ట్‌వేర్లతో కలిసి పనిచేయాలి. ఇంకొకరు మళ్లీ వాడుకోగలగాలి. మన వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసుకోవడం లాంటిదే ఇది. రాసినవాళ్లు ఊళ్లో లేకపోయినా వంట ఆగకూడదు.

‘మరి రోగుల రహస్యాలు బయటపడవా?’ అని మీకు సందేహం రావచ్చు. ప్రోగ్రాము వేరు, రోగుల వివరాలు వేరు. ఇంగ్లండ్‌లో ఓపెన్‌సేఫ్లీ అనే వేదిక కోట్లమంది రికార్డులను ఉన్నచోటు నుంచి కదలనివ్వకుండానే, వాటిని విశ్లేషించే కోడ్‌ను మాత్రం అందరి ముందూ పెడుతోంది. కంపెనీలు సొంత డబ్బుతో చేసుకున్నది బయటపెట్టాలా అన్నది వేరే చర్చ. ప్రజల పన్నులతో చేసిన పరిశోధనకైతే ఆ మినహాయింపు ఉండకూడదన్నది నా అభిప్రాయం. నిధులిచ్చేటప్పుడే ఆ షరతు పెట్టాలి. ప్రోగ్రామును శుభ్రంగా సర్ది, వివరణ రాసి అప్పగించిన యువ పరిశోధకుడికి పేపరు అచ్చయినంత గుర్తింపూ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ చాకిరీ ఎవరు చేస్తారు?

మీవైపు నుంచి మూడు పనులు చేయండి. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ పక్కన ఏ సూత్రం వాడారో ఉందా అని చూడండి. లేకపోతే ల్యాబును అడగండి. అసలు క్రియాటినిన్ అంకెను, పాత రిపోర్టులను దాచుకోండి. ఫోన్ యాప్ చెప్పిన ముప్పు శాతం చూసి మందులు మొదలుపెట్టకండి, ఆపకండి. ముందు మీ డాక్టర్‌ని ‘ఈ లెక్క ఎలా వచ్చింది?’ అని అడగండి.

ఆ ప్రశ్న అడిగితే మేమేమీ నొచ్చుకోం. జవాబు చెప్పలేని పరిస్థితి వస్తేనే మాకు ఇబ్బంది.